నయా ఉదారవాదం, మీడియా: ముందు ఈ పుస్తకం చదవండి

మీడియాలో నయా ఉదారవాదం (అన్నిటినీ మార్కెట్‌కే వదిలేయాలనే ఆలోచన) మీద రీసెర్చ్ మొదలుపెట్టేవాళ్లు నేరుగా ఫూకో, డేవిడ్ హార్వే లాంటి సిద్ధాంతకర్తల దగ్గరికి వెళ్లిపోకుండా, ముందు భారతీయ భాషల పత్రికల మీద రాబిన్ జెఫ్రీ రాసిన ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్’ చదవండి. 2000లో వచ్చింది. సిద్ధాంతం తక్కువే, కానీ పత్రికలోకి డబ్బు ఎటు నుంచి వస్తుందో కళ్లకు కట్టినట్టు చూపిస్తారు. ఈనాడు 1989లో జిల్లా పత్రికలు (ఒక్కో జిల్లాకు వేరుగా వచ్చే అనుబంధాలు) తెచ్చాక ఊరి వార్తతో పాటు, పెద్ద ఎడిషన్‌లో ప్రకటన వేయలేని చిన్న ఊరి దుకాణాలకూ పేజీలో చోటు దొరికింది. పాఠకుడే ఆ ప్రకటనల్లోని సరుకు కొనేవాడూ అయ్యాడు, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఇదే పత్రిక 1992లో నెల్లూరు మహిళల సారా వ్యతిరేక ఉద్యమానికి అండగా నిలిచింది కాబట్టి, మార్కెట్ వస్తే జనం గొంతు పోతుందని ఒక్క ముక్కలో తేల్చేయలేం. లోటల్లా, కథ 1999 దగ్గరే ఆగిపోవడం. న్యూస్ చానళ్లు, ఫోన్ల సంగతి వేరే చోట చదువుకోవాల్సిందే.