నోబెల్ స్టిక్కర్ చూసి కొనేముందు: ఆనీ ఎర్నో ‘లా ప్లాస్’

ముందే చెప్పేస్తున్నా, కథ కోసమైతే దీన్ని కొనకండి. అటూ ఇటుగా వంద పేజీలు, ఒక్క పూటలో అయిపోతుంది, మలుపుల్లేవు, చివర్లో ఏదో తేలుతుందని చూస్తే ఏమీ తేలదు. ఓ తండ్రి పోయాడు, కూతురు ఆయన గురించి రాసింది. అంతే.

2022లో ఎర్నోకి నోబెల్ వచ్చాక (సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ఫ్రెంచ్ మహిళ ఈమే) నేనూ అందరిలాగే ఎగబడి ముందు ఆవిడదే ఇంకో పుస్తకం ‘లెజానే’ కొన్నాను. పాటలు, ప్రకటనలు, ఎన్నికలు, డైనింగ్ టేబుల్ దగ్గర కబుర్లు, ఇలా యుద్ధం తర్వాతి ఫ్రాన్స్ మొత్తం అందులో ఉంటుంది, ఎక్కడా ‘నేను’ అనదు, దాంతో సగంలో వదిలేశాను. తర్వాత ఈ ‘లా ప్లాస్’ ఇంగ్లీష్ అనువాదంలో చదివితే అప్పుడు ఈవిడేం చేస్తోందో అర్థమైంది, వెనక్కెళ్లి అదీ పూర్తి చేశాను. కాబట్టి మొదలెడితే దీంతోనే మొదలెట్టండి.

ఎర్నో నాన్న పొలాల్లో కూలికి మొదలై, ఫ్యాక్టరీలో చేసి, చివరికి నార్మండీలోని ఇవ్‌తోలో చిన్న కెఫే, దాని పక్కనే కిరాణా కొట్టు నడిపిన మనిషి. 1967లో కూతురు టీచర్ ఉద్యోగానికి కావాల్సిన పరీక్ష పాసైన రెండు నెలలకే పోయాడు. ఆయన గురించి ముందు నవల రాయబోయి ఆపేసింది. అలాంటి బతుకుని అందంగా అల్లే హక్కు తనకి లేదనుకుని, ఇంటికి ఉత్తరం రాసినంత సాదాగా రాసింది. పుస్తకం 1983లో వచ్చింది, మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో పేరున్న రెనోదో సాహిత్య బహుమతి కొట్టింది.

ఆ సాదాతనం ఎంత గట్టిగా తగులుతుందో ఒక్కచోట చూపిస్తా. నోటరీ దగ్గర కాగితం మీద ‘చదివి ఆమోదించాను’ అని సొంత చేత్తో రాయాలి. నాన్నకి స్పెల్లింగ్ రాదు, ఆమోదించాను అన్నచోట ‘నిరూపించాల్సి ఉంది’ అనే అర్థమొచ్చే ముక్కలు రాసేస్తాడు (ఫ్రెంచ్‌లో రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి), ఇంటికొచ్చే దారంతా అదే బాధ. ఎర్నో దీని మీద ఏడవదు, మనల్ని ఏడవమనదు, చెప్పి పక్క పేరాలోకి వెళ్లిపోతుంది. నేను మాత్రం అక్కడే పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆయన పోయాక పర్సులో దొరికిన పేపర్ కటింగ్ కూడా అంతే, ఏదో ప్రవేశ పరీక్ష ఫలితాల్లో కూతురి పేరు రెండోది, దాన్ని అన్నేళ్లు దాచుకున్నాడు.

‘ఇదేం సాహిత్యం, డైరీలా ఉంది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్రాన్స్‌లోనే 1991లో ఆవిడ తన మోహం గురించి రాసిన చిన్న పుస్తకాన్ని కొందరు విమర్శకులు వెక్కిరించారు. నాకైతే ఈ పొడి వాక్యాల్లో బోలెడు కష్టం కనిపిస్తుంది, ఒక్క విశేషణం ఎక్కువైనా నాన్న మీద జాలి మొదలైపోయేది.

లోటు ఉంది. అమ్మ అప్పుడప్పుడు కనిపించి పోతుంది, నిజానికి ఇంట్లో జోరు ఆవిడదే అనిపిస్తుంది, ఆవిడ గురించి తెలుసుకోవాలంటే 1988లో వచ్చిన ‘ఉన్ ఫామ్’ విడిగా కొనుక్కోవాలి. అందుకే 5కి 4. రెండోది ఆర్డర్ పెట్టేశాను కూడా.