తిరుపతిలో యాక్సిడెంట్ క్లెయిం లాయరు: కేసు ముగిశాక నా అభిప్రాయం

వకాల్తా మీద సంతకం పెట్టిన దగ్గర్నుంచి డబ్బు బ్యాంకులో పడేదాకా ఒకే లాయరుతో నడిచిన మోటారు ప్రమాదం కేసు ఇది. కాగితాలు, డాక్టరు సాక్ష్యం, ఈ రెండింట్లోనే ఆయన తన ఫీజుకు న్యాయం చేశారు. కోర్టులో వాదనది చాలా చిన్న పాత్ర.

మొదట ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, ప్రమాదం జరిగిన చోటు రఫ్ స్కెచ్, గాయాల వివరాలుండే వూండ్ సర్టిఫికెట్, బండిని పరీక్షించే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు సర్టిఫైడ్ కాపీలు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివారు. తేదీ, బండి నంబరు, ఎడమ కాలా కుడి కాలా అన్నీ కలవాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైంది క్యాజువాల్టీలో రాసిన మొదటి వాక్యం. తీసుకొచ్చినవాళ్లు కంగారులో 'బండి మీంచి పడ్డాడు' అని చెప్తే అదే రికార్డయిపోతుంది. రెండో వాహనమే లేదని ఇన్సూరెన్స్ లాయరు వాదించడానికి ఆ ఒక్క ముక్క చాలు.

పరిహారం లెక్కలో అసలు కీలకం వైకల్యం శాతం. మెడికల్ బోర్డు కాలికి 40 శాతం రాసినా, సంపాదించే శక్తి 40 శాతం పోయినట్టు కాదు. సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో ఈ తేడా స్పష్టం చేసింది. తిరుమల ఘాట్‌లో జీపు నడిపేవాడికి మోకాలు వంగకపోతే బతుకుతెరువే పోతుంది. కూర్చుని లెక్కలు రాసేవాడికి అంత నష్టం ఉండదు. ఇది రుజువు కావాలంటే సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకోకూడదు, డాక్టరును సాక్షిగా పిలిపించాలి. ఈ పనికి బద్ధకించే లాయరును పెట్టుకోవద్దు.

లెక్క మీరూ వేసుకోండి. వయసు 32, నెలకు 15,000, సంపాదన నష్టం 20 శాతం అనుకుందాం. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం ఆ వయసుకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 16. ఏడాదికి 1,80,000, దాన్ని 16తో గుణించి 20 శాతం తీస్తే 5,76,000. సొంత పని చేసుకునే 40 లోపు వాళ్లకు భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే 8,06,400. పిటిషన్‌లో ఈ 40 శాతం ఉందో లేదో అడిగి చూసుకోండి. మందుల బిల్లులు, నొప్పి, రవాణా, తోడున్న మనిషి ఖర్చు దీనికి అదనం. వైద్యం ఉచితంగా జరిగినా ఆ మిగతావి అడగొచ్చు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఓపీ (పరిహారం పిటిషన్) వేయాలి. ప్రమాదం వేలూరు వైపు జరిగినా, చిత్తూరులో ఉండేవాళ్లు చిత్తూరులోనే వేసుకోవచ్చు. అయితే అక్కడి పోలీసు కాగితాలు తమిళంలో ఉంటాయి, తర్జుమా చేయించాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

ఫీజు సంగతి. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. మొత్తం ఎంతో, ఏ దశలో ఎంతో కాగితం మీద రాయించుకోండి. సాక్ష్యానికి వచ్చే డాక్టరు బత్తా, కాపీల ఖర్చు వేరు. ఖాళీ చెక్కులు, పాస్‌బుక్కు ఎవరి చేతికీ ఇవ్వకండి.

మా లాయరులో లోపం ఒకటే, వాయిదా సంగతి ఎప్పుడూ ముందుగా చెప్పరు. గుమాస్తాకు ఫోన్ చేస్తూ కూర్చునే బదులు సీఎన్‌ఆర్ నంబరు (కేసుకు కోర్టు ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో తేదీ మనమే చూసుకోవచ్చు.

లోక్ అదాలత్‌కు పంపితే వెళ్లండి, కానీ పై లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి. చెప్పిన మొత్తంలో వడ్డీ కలిసిందా లేదా అడగండి. అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పు మీదైతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లే హక్కు మనకూ, ఇన్సూరెన్స్ కంపెనీకీ ఉంటుంది. కంపెనీ డబ్బు జమ చేసినా ట్రిబ్యునల్ కొంత భాగాన్ని డిపాజిట్‌లో ఉంచమనవచ్చు. ఆపరేషన్ ఖర్చులాంటి అవసరం ఉంటే, దాన్ని విడిపించమని కారణాలు, బిల్లులతో వేరే పిటిషన్ వేయించండి.