ఫమాచా కార్డు: మేక కంటి రెప్ప చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

మంద మొత్తానికీ ఒకే రోజు నట్టల (కడుపులోని పురుగుల) మందు తాగించే అలవాటు మా ఇంట్లో ఈ కార్డు వల్లే పోయింది. అందుకే దీని మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా.

రక్తం తాగే నట్టల వల్ల మేకలో రక్తం ఎంత తగ్గిందో కంటి రెప్ప రంగును బట్టి చూపే కార్డు ఇది, దక్షిణాఫ్రికాలో తయారైంది. 1 అంటే మంచి ఎరుపు, 5 అంటే సున్నం తెలుపు. మేక కింది రెప్పను బొటనవేలితో తిప్పి, లోపలి పొర రంగును కార్డులోని రంగుతో పోల్చడమే పని. 4, 5 వస్తే తప్పకుండా మందు. మేకల్లో 3 వచ్చినా వదలకూడదు, పిల్లలకూ పాలిచ్చేవాటికీ అయితే మరీను. మిగతావాటికి మందు అక్కర్లేదు. అన్నింటికీ అదే పనిగా పోస్తుంటే మందుకు లొంగని నట్టలే మిగిలిపోతాయి.

నాకు నచ్చింది ఇది తొందరగా పసిగట్టడం. రక్తం తాగే నట్ట ఒక్కోటి రోజుకు దాదాపు 0.05 మి.లీ. లాగుతుంది. కడుపులో వెయ్యి ఉంటే 50 మి.లీ. పోయినట్టే. 25 కిలోల మేకలో ఉండేదే లీటరున్నర పైచిలుకు. ఈ నట్టతో పారుడు సాధారణంగా ఉండదు, మేత కూడా తింటూనే ఉంటుంది. బొచ్చు నిగనిగలాడే మేకలో కూడా రెప్ప తిప్పితే తెల్లగా కనిపించిన రోజులున్నాయి.

అయితే మొన్న చెరువు తగ్గే కాలంలో ఈ కార్డు నాకు బాగా టెన్షన్ పెట్టింది. అంచున లేచిన పచ్చగడ్డి మీదకు మేకలు ఎగబడ్డాయి. కొన్నాళ్లకు ఒక నల్ల మేక రెప్ప 4కి వచ్చింది. ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు తాగించాం. రెండు వారాలు దాటినా రంగు మారలేదు, పైగా దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. మందుల షాపులో మందు మార్చమన్నారు, ఒక ఐరన్ టానిక్ అంటగట్టారు. చివరికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రెప్ప చూశారు, చిగుళ్లు చూశారు, తొడల లోపల, చెవుల్లో పిడుదుల కోసం వెతికారు. ఆ తర్వాత, ‘పెంటికలు తెచ్చారా?’ అన్నారు. మేక వేసిన పెంటికలు అక్కడే పట్టుకున్నాం. వాటిని నీళ్లలో నలిపి, అడుగుకు దిగినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను కూడా చూడమన్నారు. పసుపు రంగులో, కోలగా, పెద్ద గుడ్లు.

‘కార్జపు జలగవి. నత్తలున్న చెరువు గడ్డి తింటే వస్తుంది. మీరు పోసిన మందు దీన్ని ఏమీ చేయదు’ అన్నారు.

బరువు తూచి జలగ మందు ఆక్సీక్లోజనైడ్ తాగించారు. రక్తం తిరిగి పట్టడానికి టానిక్ కన్నా వేరుశనగ చెక్క, అవిశాకు మేలన్నారు. రెప్ప గులాబీ రంగుకు రావడానికి నెల పైనే పట్టింది.

ఆ తర్వాత నా పొగడ్తలు కొంచెం తగ్గించాను. రక్తం తగ్గిందని కార్డు చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. జలగ, పిడుదులు, పేలు, పిల్లల్లో పేగులను పట్టే కాక్సిడియా, అన్నీ ఆ రెప్పను తెల్లగానే చేస్తాయి. కళ్లకలక వచ్చిన మేకలో అసలు రంగు నమ్మొద్దు, లేని ఎరుపు కనిపిస్తుంది. టార్చి వెలుతురులో చూస్తే కూడా లెక్క తప్పుతుంది, పగటి వెలుగే కావాలి. ఎండ తగిలి కార్డు రంగులే వెలిసిపోతాయి, ఏడాదికొకటి మార్చక తప్పదు.

మా మంద చిన్నది, ప్రతి మేకనూ పేరు పెట్టి పిలుస్తాం కాబట్టి వానాకాలంలో రెండు వారాలకోసారి రెప్పలు తిప్పడం కుదురుతోంది. వందల జీవాలతో ఊళ్లు తిరిగే కాపర్లకు ఇది అంత సులువేం కాదు. మెట్ట నేలలో మేపేవాళ్లకైతే కళ్లు మూసుకుని కొనమంటాను. మాలాగ చెరువు కింద మేపితే, ఒక మందుతో రంగు మారని మేక ఉంటే రెండో మందు కొనేముందు గుప్పెడు పెంటికలు డాక్టరుకి చూపించండి.