ఆయిల్ హీటరు: సునాబెడలో అయిదు చలికాలాల తర్వాత

కార్తీక పౌర్ణమి కూడా వెళ్లిపోయింది. మా ఆయిల్ హీటరు మీద కప్పిన పాత దుప్పటి ఇంకా తీయలేదు. కొన్నప్పటి నుంచీ దసరా దీపాల పండగలు అయ్యేసరికి దాన్ని మూల నుంచి లాగేవాళ్లం. ఈ ఏడు చలి ఎందుకో బద్ధకించింది. ఎనిమిదింటికల్లా మంచు విడిచి నీరెండ వీధి అరుగు మీదికి వస్తోంది. అమ్మ స్వెట్టరు వేసుకుని, కాళ్లు చాపుకుని, పదిన్నర దాకా అక్కడే. సిమిలిగుడ దాటి అటు వెళ్తే వలిసె చేలు పసుపు ఆరేసినట్టున్నాయి. ఇలాంటి రోజుల్లో హీటరు గురించి రాయడం విడ్డూరమే గానీ, నిజం చెప్పాలంటే దాని అవసరం లేనప్పుడే దాని లెక్క సరిగ్గా తెలుస్తుంది.

మా ఊరు తెలియనివాళ్లకి ఒక మాట. సాలూరు వదిలి ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగి దాటితే ఒడిశాలోని కోరాపుట్ పీఠభూమి. మా సునాబెడ ఉన్నది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. సాలూరులో ఫ్యాను వేసుకుని పడుకున్న రాత్రే ఇక్కడ రెండు దుప్పట్లు కావాలి. డిసెంబరు, జనవరుల్లో రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకి పడిపోవడం మాకు వార్త కాదు. నాన్న ఇక్కడి విమానాల ఇంజిన్ల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్‌లో ఉద్యోగానికి విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన రోజుల్లో చలికి మందు బొగ్గుల కుంపటి. ఆయన పోయాక కూడా అమ్మ దాన్ని వదల్లేదు. ఒక రాత్రి తలుపులు బిగించుకుని కుంపటి పక్కన పడుకుంది. తెల్లారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. మూసిన గదిలో బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపు పని అయిపోతుంది. ఆ రోజే కుంపటి పెరట్లోకి పోయింది.

ముందు 1000 వాట్ల కాయిల్ హీటరు కొన్నాను. ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లు కాలతాయి, వీపు చల్లగానే ఉంటుంది. ఆ ఎర్ర వెలుగుకి అమ్మకి నిద్ర పట్టేది కాదు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. తర్వాత విశాఖపట్నంలో తొమ్మిది రెక్కల ఆయిల్ హీటరు, 2000 వాట్లది, ఎనిమిదిన్నర వేలకి తీసుకుని బస్సులో వేసుకొచ్చాను. అమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఏట్రా ఇది, నూనె ఎప్పుడు పొయ్యాలి?" అంది. పొయ్యక్కర్లేదు. లోపలి నూనె మండదు, తరగదు. కరెంటు దాన్ని వేడి చేస్తే, ఆ వేడి ఇనుప రెక్కల గుండా గదిలోకి మెల్లగా వస్తుంది. వెలుగు లేదు, పొగ లేదు. ఇనుము వ్యాకోచించేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది, అంతే. ఆపేశాక కూడా అరగంట పైన వెచ్చగా ఉంటుంది. అయితే స్విచ్ వేసిన ఇరవై నిమిషాల దాకా ఏమీ తెలియదు. తొందరపడే మనుషులకి ఇది పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతి, బిల్లు.

ఆయిల్ హీటరు కరెంటు ఆదా చేస్తుందని కొట్లో చెప్తారు. నమ్మకండి. 2000 వాట్లు ఒక గంట నడిస్తే 2 యూనిట్లు, అది కాయిలైనా నూనైనా అంతే, వచ్చే వేడీ అంతే. ఆదా చేసేది థర్మోస్టాట్, అంటే గది వెచ్చబడగానే కరెంటు తనంతట తనే కట్ చేసేది, అది కూడా గది మూసి ఉంటేనే. మొదటి డిసెంబర్లో నేనది తెలియక హాల్లో పెట్టి, నాబు ఆఖరి అంకె మీద ఉంచి, వంటింటి తలుపు బార్లా తీసి నడిపాను. అది ఒక్కసారి కూడా కట్ అవలేదు. నెలకి 130 యూనిట్లు కాల్చే ఇల్లు 490 కాల్చింది. బిల్లు ₹2,700 దగ్గరకి వచ్చింది. మా ఒడిశాలో అప్పట్లో మొదటి 50 యూనిట్లకి యూనిట్ సుమారు మూడు రూపాయల లెక్కన పడితే, 400 దాటాక ఆరు దాటేది. అంటే హీటరు కాల్చే యూనిట్లన్నీ పై స్లాబుల్లోనే పడతాయి. ఖర్చు పెరిగిందని గోల పెట్టే ముందు ఇది చూసుకోవాలి. మా ఇంట్లో రేటు కంటే వాడకమే ఎక్కువ పెరిగింది.

ఇప్పుడు పద్ధతి మార్చాం. అమ్మ గదిలోనే పెడతాం. తలుపు కింది సందుకి పాత చీర చుట్టి పెడతాం. ఎనిమిదిన్నరకి వేసి, గంటసేపు పూర్తిగా నడిపి, తర్వాత 800 వాట్లకి తగ్గించి, నాబు మూడో అంకె మీదికి తెచ్చి, పదకొండుకి ఆపేస్తాం. రాత్రికి సుమారు మూడు యూనిట్లు. అలా మార్చిన ఏడు నెల బిల్లు ₹1,100 దాటలేదు. కానీ అమ్మకి వయసు వస్తోంది, తెల్లవారుజామున కూడా కావాలంటోంది. పోయిన జనవరిలో మళ్లీ ₹1,700 అయింది. ఈ నవంబర్లో ఆరొందలు. ఆ తేడా మా నీరెండది.

లోపాలు కూడా చెప్పాలి. రెండో ఏడు దీన్ని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించాను. అర్ధరాత్రి కాలిన ప్లాస్టిక్ వాసనకి లేచి చూస్తే ప్లగ్గు మెత్తబడి సాకెట్‌కి అతుక్కుపోయింది. ఇంకో గంట నిద్రపోయుంటే ఏమయ్యేదో. మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ గదికి విడిగా లావు వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను. మూడో ఏడు, వారంటీ అయిన రెండు నెలలకి, థర్మోస్టాట్ కట్ అవడం మానేసింది. జయపురంలో ఆ పార్టు దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించుకునేసరికి సంక్రాంతి అయిపోయింది. ఒక చక్రం విరిగింది, కింద చెక్కముక్క పెట్టాం. దీని మీద తడి తువ్వాలు ఆరేయొద్దని అమ్మకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. గాలి పొడిబారి ఆవిడ పెదాలు పగులుతాయి కాబట్టి గదిలో ఓ గిన్నెడు నీళ్లు పెడతాం.

ఇంకో విషయం. సాయంత్రం అందరూ గీజర్లు, హీటర్లు వేసే వేళకి, 230 ఉండాల్సిన వోల్టేజి 180కి పడితే ఈ 2000 వాట్లది 1200 వాట్ల పనే చేస్తుంది. మీటరూ ఆ మేరకు తక్కువే తిరుగుతుంది కాబట్టి నష్టమేమీ లేదు, వెచ్చదనం ఆలస్యమవుతుందంతే. హీటరు పాడైందని టెన్షన్ పడక్కర్లేదు.

కొనమంటానా? ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే తప్పకుండా కొనమంటాను. మీరూ మీ ఆవిడా మాత్రమే అయితే ఆ డబ్బుతో రెండు మంచి రగ్గులు కొనుక్కుని, కిటికీ సందులు పూడ్పించుకోండి.

మొన్న పక్కింటివాళ్లు వచ్చారు. వాళ్లమ్మాయి పురిటికి వచ్చిందట, ఓ నెల హీటరు ఇస్తారా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "పట్టికెళ్లండి, మాకిప్పుడు ఎండుంది" అనేసింది. నేను ముందు వాళ్లింటికి వెళ్లి సాకెట్ చూసొచ్చాను.