ఫ్రేమ్‌లో బిగించిన పాత సిగరెట్ కార్డు కొంటున్నారా? కాస్త ఆగండి

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ చుట్టుపక్కల వారాంతపు సంతల్లో పాత వస్తువులు కొనే మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. నావి 220 డాలర్లు పోయాయి.

నేను కొన్నది ఆనీ ఓక్లీ బొమ్మ ఉన్న కార్డు. తుపాకీ గురికి అప్పట్లో పేరుమోసిన అమెరికన్ మహిళ ఆమె. ఇదే ఊరి అలెన్ అండ్ గింటర్ కంపెనీ సిగరెట్ ప్యాకెట్ నలగకుండా లోపల చిన్న అట్టముక్క పెట్టి, దాని మీద రంగుల బొమ్మలు అచ్చేసేది. 1887లో 'వరల్డ్స్ ఛాంపియన్స్' పేరుతో 50 మందిని వేసింది: బేస్‌బాల్ ఆటగాళ్లు, బాక్సర్లు, మల్లయోధులు, పడవ పందేలవాళ్లు, తుపాకీ గురిగాళ్లు. గురిగాళ్లలో వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల బఫెలో బిల్‌తో పాటు ఓక్లీ కూడా ఉంది. భర్త నోట్లోని సిగరెట్‌ను తుపాకీతో ఎగరగొట్టిన మనిషిని సిగరెట్ ప్యాకెట్లోనే పెట్టి అమ్మారు చూడండి, ఆ తమాషాకే నేను పడిపోయాను. పొగాకుకీ గురికీ సంబంధమేంటి? ఏమీ లేదు. ప్యాకెట్ జేబులో ఉంటే ఆ ధైర్యం, ఆ పేరు మనకీ వచ్చినట్టు అనిపించాలి, అంతే. బనియన్ డబ్బా మీద సినిమా హీరో ఉన్నట్టే.

కార్డు అద్దాల ఫ్రేమ్‌లో ఉంది. బయటికి తీసి చూపించమంటే అమ్మేవాడు "అట్ట పెళుసు, విరిగిపోతుంది" అన్నాడు. వెనక పాత న్యూస్‌పేపర్ అంటించి ఉంది. దాన్ని చూసే నమ్మేశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. పైగా డబ్బు ఫోన్‌లో స్నేహితుడికి పంపినట్టు పంపమన్నాడు. పంపాను.

ఇంటికొచ్చి మేకులు ఊడదీశాను. కార్డు దగ్గర టీ వాసన! మరక నాలుగు అంచుల్లోనూ ఒకేలా ఉంది, పాతదిలా కనిపించాలని టీ పట్టించారన్నమాట. వెనక యాభై పేర్ల జాబితా కింద ఒకచోట వేలు పెడితే గరుకుగా తగిలింది, అక్కడేదో అక్షరాలు గీకేశారు. 'రీప్రింట్' అనే మాటే అయ్యుంటుంది. పదింతలు చూపే భూతద్దం పెడితే బుగ్గల రంగంతా ఇప్పటి అచ్చులోలా వరసకట్టిన చుక్కలు. అప్పటి రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే కార్డు నీలంగా మెరిసింది. తెల్లదనం కోసం ఇప్పటి కాగితంలో కలిపే రసాయనం అలా మెరుస్తుంది, 1887 నాటి అట్టలో అది ఉండే వీల్లేదు. మెరవకపోతే అసలుదే అని కూడా అనుకోకండి, పాత కాగితం మీద కొత్తగా అచ్చేసేవాళ్లూ ఉన్నారు.

ఇంకొకటి. 2006 నుంచి టాప్స్ కంపెనీ అలెన్ అండ్ గింటర్ పేరుతోనే కొత్త కార్డులు తెస్తోంది. పేరు చూసి మోసపోవద్దు. కార్డును పరీక్షించి మార్కులిచ్చే కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో (గ్రేడింగ్ డబ్బా) ఉందని కూడా నిశ్చింతగా ఉండలేం. 2007లో 28 లక్షల డాలర్లు పలికిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అలాంటి డబ్బాలోదే, దాని అంచులు తానే కత్తిరించానని ఒక వేలం వ్యాపారి 2013లో ఒప్పుకున్నాడు.

ఫ్రేమ్ తీయనివాడి దగ్గర కొనకండి. డబ్బు వెనక్కి వచ్చే దారి లేకుండా చెల్లించకండి. నేను ఫోన్ చేస్తే "ఎలా ఉందో అలాగే అమ్మాను" అని పెట్టేశాడు.

మొన్న శనివారం అటు వెళ్లాను. అదే బల్ల, అదే రకం ఫ్రేమ్, వెనక అదే పాత న్యూస్‌పేపర్. లోపల ఈసారి బఫెలో బిల్.