క్యూఎములో ఐఎస్‌ఏ పరికరంగా టీపీఎం: రెండేళ్ల వాడకం మీద సమీక్ష

అనంతపురంలోని మా ల్యాబు డెస్క్‌టాప్‌లు పాతవి, వాటిలో టీపీఎం 2.0 చిప్పు (తాళాలనూ బూట్ కొలతలనూ భద్రంగా ఉంచే చిప్పు) లేదు. డిస్క్ ఎన్‌క్రిప్షన్, మెజర్డ్ బూట్ (బూట్‌లో లేచే ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ కొలిచి నమోదు చేయడం) ప్రాక్టికల్స్ అన్నీ క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో నడిచే వర్చువల్ మెషీన్లలోనే, అంటే గెస్టుల్లోనే, నడుస్తున్నాయి. ముందు గెస్టుకు కనిపించే టీపీఎం-టీఐఎస్ పరికరం, వెనక చిప్పు పని చేసే ఎస్‌డబ్ల్యూటీపీఎం అనే సాఫ్ట్‌వేర్. చిప్పును ఐఎస్‌ఏ (పాత పీసీ బస్సు) పరికరంగా చూపించడం సరైన నిర్ణయమే, ఒక్క ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ నంబరు) దగ్గర తప్ప.

టీపీఎం 1.2 కాలంలో పీసీ బోర్డుల మీద ఈ చిప్పు ఎల్‌పీసీ అనే బస్సు (భాగాలను కలిపే దారి) మీద ఉండేది. సాఫ్ట్‌వేర్‌కు ఎల్‌పీసీ, ఐఎస్‌ఏ రెండూ ఒకటే. పీసీఐ కార్డులాగా స్కాన్ చేసి వెతకాల్సిన పని లేదు. చిరునామా ఖాయం: హెక్స్‌లో ఎఫ్‌ఈడీ40000. అక్కడి నుంచి 4 కేబీ చొప్పున అయిదు లొకాలిటీలు (వేర్వేరు అధికార స్థాయిల కిటికీలు), మొత్తం 20 కేబీ. అందుకే పీసీఐ ఇంకా లేవకముందే ఫర్మ్‌వేర్ మొదటి కొలతను పీసీఆర్‌లోకి (టీపీఎంలో కొలతలు ఉండే రిజిస్టర్) ఎక్కించగలదు. మెజర్డ్ బూట్‌కు ప్రాణం ఇదే.

ఇక ఐఆర్‌క్యూ. డిఫాల్ట్ 5. పీసీఐ ఇంటరప్ట్ లింకులు కూడా అదే నంబరు అడుగుతాయి. ఈ గొడవ క్యూఎము సోర్సులోనే ఫిక్స్‌మీ (ఇంకా సరిచేయాలి) వ్యాఖ్యగా రాసి ఉంది. ఏసీపీఐలో (గెస్టుకు హార్డ్‌వేర్ వివరాలు చెప్పే పట్టికలు) ఐఆర్‌క్యూ చెప్పే లైనును అందుకే ఆపేశారు. ప్రాపర్టీలో నంబరు మార్చినా గెస్టుకు ఏసీపీఐ ద్వారా తెలియదు. లినక్స్ డ్రైవర్ పోలింగ్‌తో (పదేపదే అడిగి చూసుకోవడం) నెట్టుకొస్తుంది, పని ఆగదు. కానీ ఇంటరప్ట్ దారిని పరీక్షించాలనుకునేవాళ్లకు ఇది నిజంగా లోటే.

టీఐఎస్‌కు బదులు వాడగల ఇంకో టీపీఎం ఇంటర్‌ఫేస్ సీఆర్‌బీ, వేగంలో దానిదే పైచేయి. టీఐఎస్‌లో ఆదేశం ఫిఫో (వరుస బఫర్) గుండా బైటు బైటుగా వెళ్తుంది, ప్రతి బైటుకూ గెస్టు నుంచి బయటికి, క్యూఎములోకి, రావాలి. 2018లో క్యూఎము 2.12తో వచ్చిన సీఆర్‌బీలో ఆదేశం మెమరీలోనే పడుతుంది, కంట్రోల్ రిజిస్టర్లు తాకినప్పుడే బయటికి వస్తుంది. అయితే సీఆర్‌బీకి టీపీఎం 2.0 మాత్రమే తెలుసు. విద్యార్థులకు టీపీఎం 1.2 నేర్పాలంటే టీఐఎస్సే గతి. క్యూఎములోని ఆర్మ్ ప్రాసెసర్ల ‘వర్ట్’ మెషీన్‌లో ఐఎస్‌ఏ లేదు కాబట్టి అక్కడ టీపీఎం-టీఐఎస్-డివైస్ వాడాలి. అది 2020లో క్యూఎము 5.0తో వచ్చింది.

క్యూఎమును చేత్తో నడిపేవాళ్లకు ఒక మాట: గెస్టు రీబూటైతే ఎస్‌డబ్ల్యూటీపీఎం ఉంటుంది, క్యూఎము మూసేస్తే అదీ ఆగిపోతుంది. ప్రతిసారీ ముందు దాన్నే లేపాలి. వర్చువల్ మెషీన్లను నడిపే లిబ్‌వర్ట్ వాడితే ఆ పని తనే చూసుకుంటుంది. ఎస్‌డబ్ల్యూటీపీఎం స్టేట్ డైరెక్టరీలోని టీపీఎం2-00.పెర్మాల్ ఫైలే ఆ చిప్పు. డిస్క్ ఇమేజితో పాటు దాన్నీ కాపీ తీయండి. అది పోతే ఆ చిప్పుతో సీల్ చేసిన (దానికే కట్టేసిన) తాళాలన్నీ పోయినట్టే.

ఎండాకాలం కరెంటు కోతలతో వచ్చే చిక్కు ఇంకోటి. గెస్టు సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగితే, పాస్‌వర్డు కాపలా ఉన్న తాళం వాడుకలో ఉండి ఉంటే, తప్పు ప్రయత్నాల లెక్క ఒకటి పెరగొచ్చు. అలా పెరిగి పెరిగి, సరైన పాస్‌వర్డు ఇచ్చినా టీపీఎం లాకౌట్ (తాత్కాలికంగా నిరాకరణ) అంటుంది. టీపీఎం2-గెట్‌క్యాప్‌తో మారే ప్రాపర్టీలు తెరిచి లాకౌట్ కౌంటర్ చూడండి, టీపీఎం2-డిక్షనరీలాకౌట్‌కు క్లియర్ ఆప్షన్ ఇచ్చి సున్నాకు దించండి. దీనికి లాకౌట్ పాస్‌వర్డు కావాలి, మొదటిరోజే పెట్టి రాసుకోండి.