చేతికి సెన్సర్ పెట్టుకుని మూడేళ్లు, వాడినవాడిగా నా మాట

నాకు టైప్ 1 షుగర్ పద్దెనిమిదో ఏట బయటపడింది. ఇప్పుడు ఇరవై ఆరు. మొదటి ఐదేళ్లు వేలు గుచ్చుకుని స్ట్రిప్పు మీద చూసుకునేవాణ్ణి, ఈ మూడేళ్లుగా మోచేతికి పైన వెనకవైపు అంటించుకునే సెన్సర్ వాడుతున్నాను, షుగర్ ఎంతుందో అది ఫోనులో చూపిస్తుంది. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, 14 రోజులు పనిచేస్తుంది, తర్వాత తీసేసి ఇంకోటి పెట్టుకోవాలి.

నొప్పి లేదు, పెట్టుకునేటప్పుడు చిన్న చురుక్కు అంతే. నన్ను భయపెట్టింది వేరే. విజయవాడ ఎండల్లో ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని ఎన్నాళ్లు తిరుగుతాం? హాఫ్ హ్యాండ్స్ వేస్తే అది కనబడిపోతుంది. ఇన్సులిన్ పెన్ను అయితే జేబులో పెట్టుకుని హోటల్ బాత్రూంలోకి వెళ్లి గుచ్చుకుని వచ్చేసేవాణ్ణి, ఫ్రెండ్సు టిఫినుకి పిలిస్తే ఇంట్లో తినేశానని చెప్పేవాణ్ణి, ఒకసారి గ్రౌండులో షుగర్ పడిపోయి కూలబడితే వడదెబ్బ అనుకున్నారు, నేనూ అవుననే చెప్పాను. "పెళ్లి కావలసినవాడివి, నలుగురికీ తెలియనీయకు" అని నాన్న మొదట్లోనే అన్నారు. ఆయన భయంతో అన్న మాట అది, కానీ నేను ఐదేళ్లు దాన్నే పట్టుకుని బతికాను.

సెన్సర్ పెట్టుకున్న మొదటి వారంలోనే మంగలి షాపులో అడిగారు, ఏంటి బాబూ ఆ బిళ్ల అని. దెబ్బ తగిలిందన్నాను. రెండోసారి వెళ్తే ఇంకా తగ్గలేదా అని ఆయన నిజంగా బాధపడ్డాడు. అప్పుడు చెప్పేశాను, షుగరని. తీపి బాగా తినేవాడివా అని అడిగితే, కాదన్నా, మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందని చెప్పాను. తప్పు చేసినవాడిలా కాకుండా ఆ మాట నా నోటితో చెప్పడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఫ్రెండ్సుకి చెప్పాను. పోయిన దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతుంటే ఫోను మోగింది, షుగర్ 82, బాణం నిలువునా కిందికి చూపిస్తోంది, అంటే వేగంగా పడిపోతోందని. నేను ఇంకో పది మెట్లే కదా అంటున్నాను. మావాడు వినలేదు, "కూర్చోరా ముందు" అని గోడ పక్కన కూర్చోబెట్టి, నా బ్యాగులోంచి గ్లూకోజ్ పొడి తీసి, వాటర్ బాటిల్లో కలిపి చేతికిచ్చాడు. చేతులు వణుకుతుంటే బాటిల్ అడుగు వాడే పట్టుకున్నాడు. పావుగంటకి 96. అప్పటిదాకా పైకి వెళ్లనివ్వలేదు.

ఇక లోపాలు. ఇది కొలిచేది రక్తంలో షుగర్ కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది, అందుకని కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. షుగర్ వేగంగా పడిపోతున్నప్పుడు, లేదా మీ ఒంటికి తెలిసేదీ అంకె చెప్పేదీ పొసగనప్పుడు వేలు గుచ్చి చూసుకోండి, గ్లూకోమీటర్ పారేయకండి. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు చూపిస్తుంది, రాత్రి రెండింటికి అలారం మోగి అమ్మ చక్కెర డబ్బాతో పరిగెత్తుకొచ్చిన రోజులున్నాయి. మే నెలలో చెమటకి జిగురు ఊడిపోతుంది, నాకు ఒకటి తొమ్మిదో రోజే రాలిపోయి డబ్బులు పోయాయి, అప్పట్నుంచి పైన టేపు వేస్తున్నాను. ఇన్సులిన్ రోజుకు నాలుగుసార్లు ఎలాగూ తప్పదు.

నాన్నకి ఒకటే చెప్పాను. 1922లో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్న లియొనార్డ్ థాంప్సన్‌కి 14 ఏళ్లు, అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు నాన్నా, నేను బతికున్నాను, దాచుకోవడానికి ఏముంది అని. ఆయన ఏమీ అనలేదు. మొన్న పెళ్లిచూపులకి బయల్దేరుతుంటే హాఫ్ హ్యాండ్స్ చొక్కా ఆయనే ఇస్త్రీ చేయించి తెచ్చారు.

ఖరీదు మాత్రం ఎక్కువే. నెలకి రెండు కొనడం అందరివల్లా కాదు. కుదరకపోతే మోతాదు మార్చినప్పుడు ఒక్కటి పెట్టుకుని, ఆ రెండు వారాల గ్రాఫు మీ డాక్టరుకి చూపించండి.